శనివారం గొలుసు

జూన్ 7, శనివారం

డాక్టరు చెప్పాడు కాబట్టి రాస్తున్నాను, సరదా పడి కాదు. "కోపమొస్తే అరవకండి. ఓ పుస్తకం పెట్టుకుని రాసుకోండి. మీ గుండెకి అదే మంచిది" అన్నాడు. ఆ మాటకి నాకంటే ముందు మా ఆవిడ తల ఊపింది. బస్సులో ముప్పై ఏళ్లు అరిచి బతికినవాణ్ని. అరవకుండా కోపం ఎలా పోతుందో ఈ పుస్తకమే చెప్పాలి.

ఇవాళ్టి కోపం: గొలుసు మళ్లీ తెగింది.

గుండెపోటు రాకముందు ఏరు పొంగుతుందని తెలిస్తే చాలు, కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకుని వీధివీధీ తిరిగేవాణ్ని. ఊరంతా నన్ను "రైట్ రైట్" అనేది అందుకే. ఇప్పుడు పరిగెత్తొద్దు, మెట్లెక్కొద్దు, ఊదొద్దు అన్నారు. అందుకని ఊరి వరద కమిటీ పెద్దగా ఫోన్ల గొలుసు పెట్టాను. పైన డ్యాము గేట్లు ఎత్తే ముందు ఆఫీసరు నాకు చెబుతాడు. నేను పోస్టుమాస్టరుకి ఫోన్ చేస్తాను. ఆయన వడ్రంగికి, వడ్రంగి సెలూన్ వాడికి, వాడు దర్జీకి, అలా ఇల్లిల్లూ తిరిగి ఊరి చివర కొట్టు పెట్టుకున్న మా బావమరిదికి అందాలి. అతను నాకు ఫోన్ చేసి "చేరింది" అనాలి. ఇంతే కదా! ప్రతి శనివారం సాయంత్రం ఒకసారి ఆడి చూసుకుంటే, నిజం రోజున తడబడకుండా ఉంటాం.

పోస్టుమాస్టరు ఎత్తాడు. వడ్రంగి ఎత్తాడు. సెలూన్ వాడు ఎత్తలేదు. గడ్డం గీస్తున్నాడట. రేపు వరద వచ్చి గుమ్మంలో నిలబడితే "కాస్త ఉండవయ్యా, ఇంకో చెంప మిగిలింది" అంటాడా? వెళ్లి అడిగాను. కుర్చీలో సబ్బు నురగతో కూర్చున్నవాడు కూడా నవ్వాడు. అప్పుడు అరిచాను. మా ఆవిడ వచ్చి చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది. ఇంటికొచ్చేసరికి గుండె దడ.

"ఇలా అయితే నేను మిగలను, మీరూ మిగలరు" అంది ఆవిడ, మాత్ర చేతిలో పెడుతూ.

జూన్ 10

విజిల్ కనిపించడం లేదు. ఆవిడని అడిగితే "ఏమో" అంది.

జూన్ 12

మధ్యాహ్నం మా ఆవిడ ఊళ్లోకి వెళ్లి దీపాలు పెట్టే వేళకి వచ్చింది. నన్ను లాక్కురావడానికి తప్ప గడప దాటని మనిషి. కళ్లు ఎర్రగా ఉన్నాయేమిటంటే దుమ్ము అంది. వాన పడి రోడ్డంతా బురదగా ఉంటే దుమ్మెక్కడిదో!

జూన్ 14, శనివారం

గొలుసు తిరిగొచ్చింది!

నేను ఫోన్ పెట్టేశాను. ఆవిడ టీ ఇచ్చింది. సగం తాగానో లేదో ఫోన్ మోగింది. మా బావమరిది. "బావా, చేరింది." ఎక్కడా తెగలేదు. పోయినవారం నేను తిట్టిన తిట్లు ఊరికే పోలేదన్నమాట. మనుషులకి మెత్తగా చెబితే ఎక్కదు. ఈ సంగతి డాక్టరుకి ఎవరైనా చెబితే బాగుండు.

మా ఆవిడతో అన్నాను. "అవునండీ, మీ మాటంటే అందరికీ భయం" అంది. చాలా రోజులకి ఆ ముఖంలో నవ్వు చూశాను.

జూన్ 21, శనివారం

చేరింది.

జూన్ 28, శనివారం

చేరింది. ఇవాళ టీ కప్పులో ఇంకా వేడి ఉండగానే. రాత్రి బాగా నిద్ర పట్టింది.

జూలై 5, శనివారం

ఒక చిత్రం జరిగింది. దర్జీ కుటుంబమంతా పెళ్లికి పోయారు. పొద్దున నేనే చూశాను, తలుపుకి తాళం. అసలు అతనికి ఫోన్లు పట్టుకెళ్లే అలవాటే లేదు, కత్తెరతో పాటు గల్లాపెట్టెలో పడేసి పోతాడు. మరి గొలుసు అక్కడ తెగాలి కదా? తెగలేదు. ఎప్పట్లాగే "బావా, చేరింది."

కాసేపు ఆలోచించాను. సెలూన్ వాడు దర్జీ లేడని తెలుసుకుని అవతలి ఇంటికి చేసి ఉంటాడు. బుర్ర ఉపయోగించాడు. వాణ్ని అనవసరంగా అన్నాను. ఈసారి గడ్డానికి వెళ్లినప్పుడు ఓ మంచి మాట చెప్పాలి.

జూలై 10

గొలుసులోకి కొత్త మనిషి వచ్చింది. బడిలో ఆయా. పిల్లలకి నీళ్లిచ్చి గదులు ఊడ్చే అమ్మాయి. మొగుడు ఎక్కడో దూరాన లారీ నడుపుతాడు. మంచం దిగలేని అత్తని పెట్టుకుని ఏటి గట్టు పక్క వరసలో అద్దెకి దిగింది. ఊరంతటికీ పల్లం అదే. నీళ్లు ముందు తట్టేది ఆ తలుపే.

కూర్చోబెట్టి నియమాలు చెప్పాను. మొదటిది: వీధిలో ఎవడో అరిచాడని పరిగెత్తకూడదు. నాలుగేళ్ల క్రితం ఎవడో తాగి "గేట్లు విరిగాయ్" అని అరిస్తే ఊరు ఊరంతా పరిగెత్తి, తొక్కిసలాటలో పాత హెడ్మాస్టరు తుంటి విరిగింది. అరుపు నమ్మకూడదు, గొలుసు ఫోన్ నమ్మాలి. రెండోది: ఫోన్ రాగానే వడ్రంగి, అతని తమ్ముడు వచ్చి మీ అత్తని మంచంతో సహా బడికి మోసుకెళతారు. నువ్వు ఒక్కదానివీ మొయ్యాలని చూడకు. మూడోది: ఆ సమయంలో ఎవరూ నాకు ఫోన్ చెయ్యకూడదు. నా లైను ఖాళీగా ఉండాలి.

మూడూ పాఠంలా అప్పజెప్పింది. "ఫోన్ వచ్చేదాకా కదలకూడదు. మంచానికి మనుషులొస్తారు. మీకు చెయ్యకూడదు. ఇంతే కదా బాబాయ్?"

"ఇంతే. ఊళ్లో అందరికీ నీలాంటి బుద్ధి ఉంటే నాకు గుండెపోటు వచ్చేదే కాదు" అన్నాను. సిగ్గుపడింది. మా ఆవిడ లోపల్నుంచి వింటోంది. టీ ఇవ్వడానికి వచ్చి, ఆ అమ్మాయి వంక అదోలా చూసి, లోపలికి వెళ్లిపోయింది.

జూలై 12, శనివారం

చేరింది.

చీకటి పడుతుండగా ఆయా గేటు దగ్గర నిలబడింది. "బాబాయ్, నాకు ఫోన్ రాలేదు."

"రాకపోవడమేంటి? గొలుసు తిరిగొచ్చింది కదా!"

"చేతిలోనే పట్టుకు కూచున్నా."

"మోగింది నీకు వినపడి ఉండదు. శబ్దం పెంచుకో."

ఫోన్ ఇచ్చింది. నేనే పెంచిచ్చాను.

జూలై 19, శనివారం

చేరింది. ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది, మళ్లీ అదే మాట. ఒళ్లు మండింది. ఊరంతా ఎత్తగలిగిన ఫోను ఈవిడొక్కతే ఎత్తలేకపోతే గొలుసుకి చెడ్డపేరు. "నీది పాడైపోయిన ఫోను. బాగు చేయించు. నిజం రోజున కూడా ఇలాగే వచ్చి రాలేదంటావా?" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

"లేదు బాబాయ్, చేయిస్తా" అంది.

అప్పుడే వంటింట్లో ఏదో పగిలింది. గాజు గ్లాసు. చెయ్యి జారిందట.

జూలై 24

షీల్డు ఇచ్చారు. పై ఆఫీసర్లు మా ఇంటి ముందు గది, అదే కమిటీ గది, చూడ్డానికి వచ్చారు. నా పాత కుర్చీ, గోడ మీద నేను గీసిన ఊరి పటం, బల్ల మీద ఫోను. వాళ్ల ఎదుటే చేశాను. వాళ్లు కూర్చుని టీ తాగుతుండగానే మా బావమరిది నుంచి వచ్చింది. "ఇంత తొందరగానా?" అని పెద్దాఫీసరు ముక్కున వేలేసుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్లన్నీ మమ్మల్ని చూసి నేర్చుకోవాలట. కిటికీ అవతల ఊళ్లోవాళ్లు చప్పట్లు కొట్టారు. పోస్టుమాస్టరు మాత్రం నేల చూస్తూ కొట్టాడు. ఆయనకి మొదట్నుంచీ బిడియం.

షీల్డు ఫోను పైన మేకుకి తగిలించాను.

ఆగస్టు 2, శనివారం

చేరింది. ఆయా వచ్చింది. ఫోన్ పట్నంలో చూపించిందట, బాగానే ఉందన్నాడట వాడు. "బాగుంటే ఎందుకు మోగదమ్మా? నీ ఒక్కదానికీ నేను విడిగా చెయ్యాలా? అప్పుడది గొలుసు ఎలా అవుతుంది?" అన్నాను.

"వద్దులే బాబాయ్. నా ఫోనే. ఇంకోచోట చూపిస్తా" అంది.

ఆ ఫోనుకి నేనే చేసి చూసి ఉండాల్సింది, అక్కడికక్కడే, ఒక్కసారి. ఎందుకు చెయ్యలేదో ఇప్పుడు రాస్తుంటే తోస్తోంది కానీ, పోనీలే. చిన్న విషయం.

ఆగస్టు 9, శనివారం

చేరింది. ఆయా రాలేదు. ఫోన్ బాగైనట్టుంది.

ఆగస్టు 15

వాన. వాన. వాన.

ఆగస్టు 17, ఆదివారం

మధ్యాహ్నం ఆఫీసరు ఫోన్. అన్ని గేట్లూ ఎత్తుతున్నారు. సాయంత్రానికి నీళ్లు. వెంటనే పోస్టుమాస్టరుకి చేశాను, "ఆట కాదు, నిజం" అన్నాను. చేరింది! ఎప్పటికంటే తొందరగా చేరింది. మళ్లీ ఆఫీసరు. ఆయన దగ్గర లారీ ఒకటే, పడవ ఒకటే. "మీ ఊరికా, దిగువ ఊరికా?" అన్నాడు. "మాకెందుకు సార్, మా ఊరంతా కదిలింది. వాళ్లకి పంపండి" అన్నాను. వీధిలో జనం బడి వైపు పోతున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. ఈ జన్మకి ఇది చాలు. నేనూ వెళ్తున్నాను.

ఆగస్టు 20

ఈ మూడు రోజులూ కలం పట్టలేకపోయాను.

బడి వరండాలో నిలబడి వచ్చేవాళ్లని చూశాను. బస్సెక్కేవాళ్లని చూసినట్టే. అందరి ముఖాలూ కనిపించాయి, ఆయా కనిపించలేదు. వడ్రంగి పెళ్లాంపిల్లలతో వచ్చి చాప పరుచుకుంటున్నాడు. "మంచం ఏదిరా?" అన్నాను.

"ఏ మంచం, రైట్ రైట్ మావా?"

"గొలుసు ఫోన్ రాగానే నువ్వూ నీ తమ్ముడూ వెళ్లి మోసుకురావాలి కదా!"

వాడు తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు పైకప్పు వంక చూశాడు. "నాకు ఫోన్ రాలేదు మావా. వీధిలో పోస్టుమాస్టరు అరుస్తుంటే విని పరిగెత్తుకొచ్చాం."

సెలూన్ వాణ్ని అడిగాను. అరుపే. దర్జీని అడిగాను. అరుపే. ఒక్కరికీ ఫోన్ రాలేదు. మరి "చేరింది" అన్నదెవరు, ఎక్కడికి చేరింది? అక్కడ అందరూ ఉన్నారు, ఎవరూ నా కళ్లలోకి చూడటం లేదు. పోస్టుమాస్టరు తల్లికి చెవుడు, నోరు పెద్దది. గోడకి ఆనుకుని కూర్చుని నా చొక్కా అంచు లాగింది. "ఆ ఫోన్ల ఆట ఇవాళ కూడా ఆడతారేంటి నాయనా? మీ ఆవిడ చెప్పిందే కదా, మావాడికి చేస్తే మావాడు నేరుగా మీ బావమరిదికి చెయ్యాలని! మధ్యలో వాళ్లకి పనెందుకని. నీ గుండె కోసమే కదా పాపం. నీకు తెలీదా?"

అంత గట్టిగా అంది. వరండా అంతా విన్నది.

అప్పుడు అరవలేదు నేను. డాక్టరు మెచ్చుకుంటాడు.

వడ్రంగి అన్నదమ్ములు ఏటి గట్టుకి పరిగెత్తారు. ఆ పక్క వీధి దాటేసరికే మొల లోతు నీళ్లు. వెనక్కి వచ్చేశారు. ఆఫీసరుకి ఫోన్ చేసి పడవ అడిగాను. "మీరే కదండీ వద్దన్నది!" అన్నాడు. దిగువ ఊరి నుంచి పడవ తిరిగొచ్చేసరికి తెల్లారిపోయింది. ఆయా కిటికీ ఊచలు పట్టుకుని పైకప్పు కింద మిగిలిన జానెడు గాలిలో ముక్కు పెట్టుకుని ఉంది. అత్తని బల్ల మీదికి ఎక్కించి, ఒక చేత్తో పట్టుకుని ఉంది. ఆ ముసలావిడ ఎప్పుడు పోయిందో తెలీదు. చెయ్యి విడిపించడానికి ఇద్దరు కావాల్సి వచ్చిందట.

పక్కింటి కోళ్లవాడు చెప్పాడు. వాడు పోతూ పిలిచాడట. "రావేంటమ్మా, ఊరంతా పోతోంది" అని. ఆ పిల్ల సంచీ సర్దుకుని, అత్తకి దుప్పటి చుట్టి, ఫోను పట్టుకుని గడపలో కూర్చుని ఉందట. "అరుపులు నమ్మొద్దన్నారు బాబాయ్. ఇంకా ఫోన్ రాలేదు. వస్తే మంచానికి మనుషులొస్తారు" అందట.

ఊరంతటిలో నా నియమాలు పాటించింది ఆ ఒక్కతే.

ఆగస్టు 21

ఆవిడ అన్నం పెట్టింది. తినలేదు. మాట్లాడలేదు.

ఆగస్టు 22

ఆవిడే మాట్లాడింది. వంటింటి గుమ్మంలో నిలబడి, కొంగు చేతికి చుట్టుకుంటూ.

"కమిటీ నుంచి మిమ్మల్ని తీసేస్తామన్నారండీ. సెలూన్ దగ్గర అరిచిన రోజు. ఇల్లిల్లూ తిరిగి కాళ్లావేళ్లా పడ్డా. మీకు ఆ ఫోను లేకపోతే ఇంకేముందని. అది లాగేసుకుంటే నాల్రోజులు కూడా బతకరని. తమ్ముడే అన్నాడు, మధ్యలో వాళ్లని విసిగించడం ఎందుకు, శనివారం ఒక ఫోన్ చేస్తే పోయేదానికి అని."

"శనివారం శనివారం టీ ఇచ్చావు నాకు."

"ఇచ్చా."

"నేను సంతోషపడుతుంటే చూస్తూ నిలబడ్డావు."

"మీరు సంతోషంగా ఉండాలనే కదా చేసింది!"

"ఆయాకి కూడా చెప్పి ఉండచ్చు కదా, ఇదంతా నాటకమని."

ఆవిడ చేతికి చుట్టిన కొంగు విప్పి మళ్లీ చుట్టుకుంది. "ఆ పిల్ల కడుపులో మాట దాగదు. మీ దగ్గర నోరు జారుతుందని చెప్పలేదు" అంది.

ఊరంతా నవ్వుకుందని కాదు నా బాధ. నవ్వనీ. నేను తిట్టినప్పుడు ఆ పిల్ల నా గేటు దగ్గర తల వంచుకుని నిలబడింది, ఆవిడ లోపల నిలబడి విన్నది. గ్లాసు పగిలింది కానీ నోరు పెగల్లేదు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో నన్ను ఇంత ప్రేమగా ఎవరూ ముంచలేదు.

ఆగస్టు 23, శనివారం

ఫోన్ చెయ్యలేదు. సాయంత్రం పోస్టుమాస్టరే వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"నిజం రోజని నువ్వన్నావు, నేను విన్నా. కానీ వేలు అలవాటుగా మీ బావమరిదికే పోయింది. తర్వాత తెలివొచ్చి వీధిలో అరుచుకుంటూ పరిగెత్తా. అటు వైపు నుంచి అతను చేస్తాడనుకున్నా."

మా బావమరిది ఏమంటాడంటే, నిజం రోజు కదా, పోస్టుమాస్టరు మధ్యలో అందరికీ చేసే తనకి చేసి ఉంటాడనుకున్నాడట. అందుకే "చేరింది" అన్నాడట, నిజంగానే చేరిందనుకుని. ఒకరి మీద ఒకరికి ఎంత నమ్మకమో!

ఆగస్టు 25

ఎల్లుండి విచారణ. పై ఆఫీసర్లు వస్తారు. ఇవాళ మా గదిలోనే, ఆ షీల్డు కిందే, కమిటీ కూర్చుంది. మా బావమరిది మాట్లాడాడు.

"బావా, జరిగింది జరిగిపోయింది. అందరం ఒకటే మాట అందాం. గొలుసు తిరిగింది, ఆయా దగ్గర ఆగింది. ఆమె ఫోన్ పాడని నువ్వే పదిమంది ఎదుట అన్నావు కదా. మేం పుట్టించింది కాదు, నీ మాటే."

"ఆ పిల్లని ఏం చేద్దామని?"

"ఏం చేస్తారు? ఫోన్ పాడైతే ఆమె తప్పా? ఎవరి తప్పూ కాదు. అక్క పేరు బయటికి రాదు, నీ పేరు పోదు, ఊరి పేరు ఉంటుంది. పోయిన ముసలావిడ ఎలాగూ రాదు కదా బావా."

అందరూ తలలూపారు. వడ్రంగి ఒక్కడు ఊపలేదు, కానీ కాదనలేదు. మా ఆవిడ అందరికీ టీ తెచ్చింది. నా కప్పు బల్ల మీద పెట్టింది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. అది చల్లారి మీద పొర కట్టేదాకా చూశాను.

నేను వద్దనలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను, అబద్ధమెందుకు. వద్దనడానికి నోరు తెరిచి, ఆవిడ వంక చూసి, మూసుకున్నాను.

ఆగస్టు 26

పట్నం ఆసుపత్రికి వెళ్లాను. బస్సులో నిలబడ్డాను, సీటిస్తామన్నా కూర్చోలేదు.

ఆయా చివరి మంచం మీద ఉంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట, ముక్కుకి గొట్టం. మొగుడు లారీ వదిలేసి వచ్చాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని గోడ వైపు తిరిగి ఉన్నాడు. నన్ను చూసి లేచి బయటికి పోతూ అన్నాడు, నాకో ఆమెకో తెలియదు: "ఫోన్ చూసుకోలేకపోయింది. మా అమ్మ పోయింది."

ఆ పిల్ల నన్ను చూడగానే లేవబోయింది. వద్దన్నాను.

"బాబాయ్, చార్జింగ్ నిండా పెట్టా. శబ్దం కూడా మీరు పెంచిందే, తగ్గించలేదు" అంది. మాట మాటకీ దగ్గు. "మీరందరూ చేసే ఉంటారు. దిక్కుమాలింది మోగలేదు. రెండుచోట్ల చూపించా కదా. కొత్తది కొనుక్కోమని ఆయన అన్నారు, నేనే వద్దన్నా. అత్తని నేనే చంపుకున్నా బాబాయ్."

నా నోటి దగ్గర సిద్ధంగా ఉన్న మాట ఒకటుంది. "ఊరుకో అమ్మా, ఎవరి తప్పూ కాదు" అని. బస్సులో దారంతా అదే చెప్పుకుంటూ వచ్చాను. చెబితే ఆమె ఏడ్చి ఊరుకునేది. నేను ఇంటికొచ్చి టీ తాగేవాణ్ని.

"అమ్మా, ఎవరూ చెయ్యలేదు" అన్నాను.

అర్థం కాలేదు ఆమెకి. మళ్లీ అన్నాను. నీకే కాదు, ఎవరికీ పోలేదు. మధ్యలో గొలుసే లేదు. పోస్టుమాస్టరు నుంచి నేరుగా మా బావమరిదికి పోయేది. మా ఇంట్లో వాళ్లు, ఊళ్లో వాళ్లు అందరూ కలిసి నా కోసం ఆడిన ఆట. నాకు తెలీదు. తెలీకుండా నిన్ను తిట్టాను.

దగ్గు ఆగింది. గొట్టంలో గాలి చప్పుడు వినిపించింది.

"మరి ఆ శనివారాలు?" అంది.

"ఆ శనివారాలు కూడా."

ఫోను దిండు కింద ఉంది. తడిసి, తెర మీద మచ్చలు పడి, పనికిరాకుండా. బయటికి తీసి, కొంగుతో ఒకసారి తుడిచి, ఇటూ అటూ తిప్పి చూసుకుంది.

"అయితే నా ఫోన్ బాగానే ఉందన్నమాట" అంది.

గోడ వైపు తిరిగింది. తిట్టి ఉంటే బాగుండేది. బయట వరండాలో ఆమె మొగుడికి కూడా అంతా చెప్పాను. వినడం పూర్తయ్యాక నా చొక్కా పట్టుకున్నాడు. పట్టుకుని, నా వయసు చూసి, వదిలేసి, గోడకి తల కొట్టుకున్నాడు.

ఆగస్టు 27

విచారణ. బడి గది. పిల్లల బెంచీల మీద పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు.

పోస్టుమాస్టరు అనుకున్నట్టే చెప్పాడు. మా బావమరిది ఇంకా బాగా చెప్పాడు. నా వంతు వచ్చింది. షీల్డు చంకలో పెట్టుకుని వెళ్లాను. ఆఫీసరు బల్ల మీద పెట్టాను. "ఇది మీరే ఉంచుకోండి సార్. మా ఊళ్లో గొలుసు ఏనాడూ తిరగలేదు. పడవ వద్దని నేను మీకు చెప్పింది తప్పు. ఆ అమ్మాయి ఫోన్‌లో ఏ లోపమూ లేదు. రాసుకోండి" అన్నాను.

గదంతా గోల. "మతి పోయింది ఈయనకి", "గుండె జబ్బు మనిషి", "ఊరి పరువు". మా బావమరిది లేచి, "బావా, ఇంటి గుట్టు వీధిలో పెడతావా?" అన్నాడు. పెద్దాఫీసరు చెయ్యెత్తి ఆపి, "ఎవరు మొదలుపెట్టారు ఇదంతా?" అని నన్నే అడిగాడు.

ఆవిడ పేరు నా నోట రాలేదు. అంత కోపంలోనూ రాలేదు. "మా ఇంట్లోంచే మొదలైంది" అన్నాను.

వెనక బెంచీలో కదలిక. మా ఆవిడ లేచి నిలబడింది. "ఇంట్లోంచి ఏమిటి, నేనే మొదలుపెట్టా. నేనే అందరి కాళ్లూ పట్టుకున్నా. రాసుకోండి" అంది.

ఆ ధైర్యం ఒక్క శనివారం వచ్చి ఉంటే! గ్లాసు పగిలిన రోజు వచ్చి ఉంటే!

బయటికొచ్చాక ఎవరూ మా పక్కన నడవలేదు. ఇద్దరం ఒకే దారిలో, ఒకరి వెనక ఒకరం వచ్చాం.

ఆగస్టు 29

విజిల్ దొరికింది. దొరకడం కాదు, ఆవిడే తెచ్చి ఈ పుస్తకం మీద పెట్టింది. బియ్యం డబ్బాలో దాచిందట. తీసుకోలేదు, తోసెయ్యనూ లేదు. అక్కడే ఉంది. దాని పక్కన కాగితం ఉన్నంత మేరే రాస్తున్నాను.

ఆయా మొగుడు కొత్త ఫోను కొని ఇచ్చాడని కోళ్లవాడు చెప్పాడు. నంబరు పాతదే.

ఆగస్టు 30, శనివారం

సాయంత్రం అదే వేళకి కుర్చీలో కూర్చున్నాను. గోడకి మేకు ఒక్కటే ఉంది. ఆవిడ వంటింట్లో పొయ్యి వెలిగించలేదు. నేను పోస్టుమాస్టరుకి చెయ్యలేదు.

ఆసుపత్రికి చేశాను. ఆ అమ్మాయికి, నేరుగా. మోగుతూనే ఉంది. ఎత్తదేమో అనుకున్నాను. ఎత్తకపోయినా న్యాయమే అనుకున్నాను.

ఎత్తింది.

"అమ్మా, నేను" అన్నాను. అటు నుంచి ఊపిరి వినిపిస్తోంది, దగ్గు ఆపుకుంటున్న ఊపిరి.

"చేరింది" అంది. పెట్టేసింది.